డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి డెల్టాలోని పల్లపు భూముల నడుమ భీమవరమను పట్టణము కలదు. 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు ఆ పట్టణమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు బిడ్డలు గల ఆ కుటుంబమునకు తండ్రి జీతమే ఆధారము. ఆయన అనారోగ్యముచే గడువునకు ముందే కొలువు మానుకొనవలసివచ్చెను. రాబడి సన్నగిల్లెను గాని పిల్లల చదువు మాత్రము ఆగకూడదని వెంకమ్మ పట్టుపట్టెను.

సుబ్బారావునకు బాల్యమున చదువుపై అంతగా మనసు లేకుండెను. ధనము గడించుటెట్లు అను ఆలోచనయే మెండుగ నుండెడిది. కాశీక్షేత్రమునకు యాత్రికులు వేలకొలది పోవుదురనియు, వారికి అరటిపండ్లమ్మినచో కొద్దికాలములోనే ధనవంతుడు కావచ్చుననియు తలచి, పదమూడవయేట బంధువగు మరియొక బాలునితో కలసి ఇల్లు విడచి పారిపోయెను. పెద్దలు వెదకి నిడదవోలు కడ పట్టుకొని వెనుకకు తెచ్చిరి. తల్లి కఠినముగ మందలించి మరల బడికి పంపెను. రాజమహేంద్రవరములో కొంతకాలము చదివి, తుదకు చెన్నపట్టణమున తిరువళ్ళిక్కేణి హిందూ ఉన్నత పాఠశాలనుండి మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండెను. రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కెను. ఈ నడుమనే తండ్రి గతించెను. తల్లి తన నగలమ్మి కుమారుని చదివించెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువునాటికి ఆయన మనసు ధనమునుండి పూర్తిగ మరలి వైరాగ్యమువైపు తిరిగెను. రామకృష్ణ మఠమునకు తరచుగ పోవుచు, సన్యాసము స్వీకరింపవలెనని ఉబలాటపడెను. తల్లి అనుమతి లేనిదే దీక్ష యీయజాలమని మఠమువారు చెప్పిరి, తల్లి అనుమతింపలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవచేయుటయు సన్యాసమువంటిదేయని అచటి స్వాములు బోధింపగా సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. 1919లో శేషగిరితో వివాహమయ్యెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుని చదువునకు వలసిన సొమ్ము సమకూర్చెను.

ఆ దినములలో గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచుండెను. సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాశాలకు పోవుచుండెను. ఆంగ్లేయుడగు ఆచార్యునకు అది గిట్టలేదు. వ్రాతపరీక్షలలో చక్కగ నెగ్గినను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే ఆయన చేతికి వచ్చెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. మేలిరకపు పట్టమే లభించియున్నచో ఆయన ఏదో యొక జిల్లా ఆసుపత్రిలో కుదురుకొని, అచటనే ఉద్యోగవిరమణ చేసియుండెడివాడేమో!

ఇంతలో ఆ యింట పెద్ద పిడుగు పడెను. 1921లో ఎనిమిది దినముల వ్యవధిలో ఆయన సోదరులిద్దరు మరణించిరి. వ్యాధి సంగ్రహణి. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవు రోగమది. వైద్యవిద్య ముగించిన సోదరుడు ఇంట నుండియు వారిని కాపాడలేకపోయెను. ఆ కాలపు ఆంగ్లవైద్యమున ఆ వ్యాధికి మందు లేదు. కొలదికాలమునకు సుబ్బారావునకును అదే వ్యాధి సోకెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రదికెను. పిదప లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించుచు, ఏ పదార్థము తన్ను బ్రదికించినదో, ఏది లేక సోదరులు చనిపోయిరో తెలిసికొనవలెనను పట్టుదల పెంచుకొనెను. అందుకు వలసిన ప్రయోగశాలలు అప్పుడు మనదేశమున లేవు.

మామగారి ధనసహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధివారి తోడ్పాటుతోను ఆయన అమెరికాకు బయలుదేరెను. మూడేండ్లలో తిరిగివత్తునని భార్యకు మాట యిచ్చెను. గర్భవతియైన ఆమె పుట్టింట నిలిచిపోయెను. బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాలలో ఆయనకు ప్రవేశము దొరకెను గాని, చేత నున్న సొమ్ము త్వరలోనే కరగిపోయెను. చేతనున్న యోగ్యతాపత్రముతో అచట వైద్యుడుగ పనిచేయుటకు వీలులేదు. అందుచే ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనికి కుదిరెను. పగలు చదువు, రాత్రి ఊడిగము. ఆ స్థితిలోనే ఉష్ణమండల వైద్యమున డిప్లొమా సంపాదించెను. అక్కడ స్వదేశమున పుట్టిన కుమారుడు నిండు ఏడాది నిండకయే చనిపోయెనను వార్త ఆయనకు అందెను.

పిదప హార్వర్డు వైద్యకళాశాలలో జీవరసాయనశాఖయందు సైరసు ఫిస్కు అను ఆచార్యునికడ ఆయన చేరెను. రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత కలదో కనిపెట్టు సులభమార్గమును చూపవలసినదిగ ఫిస్కు ఆయనను నియోగించెను. భాస్వరము ఎముకలలో మాత్రమే గాక శరీరమందలి ప్రతి కణములోను ఫాస్ఫేటు రూపమున కలదు. దానిని కొలుచుటకు అప్పటివరకు వాడుకలోనున్న పద్ధతులకు పెద్ద మోతాదులు, దీర్ఘకాలము కావలసియుండెను. సుబ్బారావు మార్గము వేరు. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును, దానితోపాటు మరియొక రసాయనమును చేర్చినచో ద్రవము నీలివర్ణము దాల్చును. ఫాస్ఫేటు హెచ్చినకొలది నీలిరంగు చిక్కనగును. ఆ రంగు గాఢతను తెలిసిన ద్రవముతో సరిపోల్చిన లెక్క తేలును. కొద్ది బొట్లు చాలును, కొన్ని నిముసములు చాలును. 1925లో ప్రకటితమైన ఈ పద్ధతికి ఫిస్కు-సుబ్బారావు పద్ధతియని పేరు. వైద్యవిద్యార్థులు జీవరసాయన గ్రంథములలో తరతరములుగ చదువుచు వచ్చిన పేరది.

ఈ కొలబద్ద చేత నుండుటచేతనే తరువాతి ఆవిష్కరణము సాధ్యమయ్యెను. కండరము ముడుచుకొనుటకు బలము ఎచటినుండి వచ్చును? లాక్టికామ్లము పుట్టుటవలననే అని అప్పటి నిశ్చయము. ఆ విషయమున పరిశోధనకు హిల్లు, మయరుహాఫు అను శాస్త్రజ్ఞులకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము కూడ లభించియుండెను. సుబ్బారావు కండరపు సారములో ఫాస్ఫేటును కొలుచుచుండగా ఒక వింత కనిపించెను. నీలిరంగు వెంటనే స్థిరపడక క్రమక్రమముగ చిక్కబడుచు వచ్చెను. మరియొకడైనచో పరికరము చెడినదని తలచి ద్రవమును పారబోసెడివాడు. ఫాస్ఫేటు వేరొక పదార్థముతో గట్టిగ కాక వదులుగ ముడిపడియున్నదనియు, ఆ ముడి ఆమ్లములో మెల్లమెల్లగ వీడుచున్నదనియు ఆయనయు ఫిస్కును గ్రహించిరి. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. 1927లో ఈ సంగతి లోకమునకు వెల్లడియయ్యెను. 1929లో వారిరువురు కండరమునుండి ఎ.టి.పి. అను మరియొక పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమాను కూడ స్వతంత్రముగ దానిని కనుగొనెను. ఎ.టి.పి.లో మూడు ఫాస్ఫేటులు వరుసగ ఒకదాని వెంట ఒకటి అతుకబడియుండును. వాని ముడి తెగునప్పుడు వెలువడు శక్తియే ప్రాణులు నడచుటకు, పలుకుటకు, తలచుటకు ఉపకరించును. ఈ మూడు ఫాస్ఫేటుల వరుసను చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

1930లో ఆయనకు డాక్టరేటు పట్టము లభించెను. ఐనను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. ఫిస్కు ప్రతిభావంతుడే గాని సహచరుని కృషి వెలుగులోనికి వచ్చుట ఆయనకు రుచింపలేదని తెలియుచున్నది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు ప్రకటింపబడక మూలబడిపోయెననియు, వానిని ఎన్నో ఏండ్లకు ఇతరులు మరల కనుగొనవలసివచ్చెననియు, ఆ శాఖలోనే పనిచేసి 1933లో డాక్టరేటు పొందిన జార్జి హిచింగ్సు తరువాతి కాలమున తెలిపెను. సుబ్బారావు మాత్రము ఫిస్కును నిందించి మాటలాడినట్లు కానరాదు. పైపెచ్చు ఆచార్యుని పదవికి చిక్కు వచ్చినప్పుడు, పరిశోధనలో ముఖ్యభాగము ఆచార్యునిదేయని సాక్ష్యము పలికి తన అవకాశములను తానే తగ్గించుకొనెనని చెప్పుదురు.

1940లో ఆయన హార్వర్డు విడచి, న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్లురివరులో లెడర్లీ ప్రయోగశాలలయందు చేరెను. స్వల్పకాలములోనే అచటి పరిశోధనలకు అధిపతి యయ్యెను. ఇంతవరకు అద్దెగదిలో, అరకొర జీతముతో ఒంటరిగ శ్రమించిన మనిషి కిప్పుడు పెద్దబలగము, కావలసినంత సామగ్రి లభించెను. ఇరువది యేండ్లనుండి తలలో మెదలుచున్న సంగ్రహణి ప్రశ్న మరల బయటికి వచ్చెను. కాలేయములోను, ఆకుకూరలలోను రక్తవృద్ధికి తోడ్పడు పదార్థమేదో కలదని అప్పటికే తెలిసియుండెను. బొంబాయిలో గర్భవతుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్సు అను వైద్యురాలు దానిని 1930 ప్రాంతమున సూచించియుండెను. సుబ్బారావు బృందమువారు ఆ పదార్థమును వేరుచేసి, దాని నిర్మాణమును తేల్చి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసిరి. అదియే ఫోలికామ్లము. 1946లో క్యూబాదేశమున సంగ్రహణి రోగులకు దానిని ఈయగా వారి రక్తము తేటపడి, ఆకలి పుట్టి, దేహము పుంజుకొనెను. సోదరులు మరణించి అప్పటికి ఇరువదియైదేండ్లు. నేడు గర్భవతులకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో నున్నది ఈ ఫోలికామ్లమే.

ఫోలికామ్లము కథ అంతటితో ముగియలేదు. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన బాలబాలికలకు దానిని ఇచ్చి చూచెను. మేలు కలుగుటకు బదులు వ్యాధి మరింత విజృంభించెను. క్యాన్సరు కణములు కూడ దానిని తినియే పెరుగుచున్నవని తేలెను. ఐనచో, ఆ ఆహారమును వానికి అందకుండ చేసిన నేమగును? ఇచట ఎంజైములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. కణములో జరుగు ప్రతి రసాయన క్రియను ఒక్కొక్క ఎంజైము నడుపును. ఎంజైము తాళమువంటిది, అది పట్టు పదార్థము తాళపుచెవివంటిది. అసలు చెవిని పోలియుండి తాళములో దూరి, తిరుగక, బయటికిని రాక ఇరుక్కొనిపోవు నకిలీ చెవిని తయారుచేసినచో తాళము పనికిరాకుండపోవును. సల్ఫా మందులు సూక్ష్మజీవులను ఈ విధముగనే చంపునని అంతకుముందే శాస్త్రజ్ఞులు కనిపెట్టియుండిరి. సుబ్బారావు బృందము ఫోలికామ్లపు అణువులో ఒకటి రెండు మార్పులు చేసి నకిలీ ఫోలికామ్లములను తయారుచేసెను. వానిలో అమినోప్టెరిను అనునది ఫార్బరునకు అందెను. ఆయన దానిని పదునారుగురు బిడ్డలకు ఈయగా పదిమందికి వ్యాధి కొంతకాలము వెనుదీసెను. 1948 జూనులో ఈ సంగతి ప్రకటితమయ్యెను. ఆ బిడ్డలలో వ్యాధి మరల తిరుగబెట్టినది నిజమే. కాని ఔషధముతో రక్తపు క్యాన్సరును కొంతకాలమైన నిలువరింపవచ్చునని లోకమునకు తెలిసినది ఈ ప్రయోగము వలననే. అమినోప్టెరినునకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. మక్తల్ వంటి మెట్టసీమ పట్టణమున కీళ్ళవాతముతో వ్రేళ్ళు ముడుచుకొనలేని వృద్ధురాలు వైద్యుని ఆజ్ఞపై వారమున కొకమారు మ్రింగు చిన్నమాత్ర అదియే కావచ్చును.

లెడర్లీలో ఆయన నాయకత్వమున వెలువడిన మరి రెండు మందులను కూడ పేర్కొనవలెను. బోదకాలునకు కారణమగు క్రిములను చంపు హెట్రజాను 1947లో వచ్చెను. నల్లగొండ మొదలైన తెలంగాణ జిల్లాలలో ఇంటింటికి తిరిగి పంచిపెట్టిన బోదకాలు మాత్రలలోని మందు అదే. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు పొలములోని మన్నునుండి బెంజమిను డగ్గరు అను డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బంగారువన్నె గల ఆరియోమైసినును సాధించెను. టెట్రాసైక్లిను జాతి మందులకు అది ఆద్యము. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము వ్యాపించినప్పుడు జనులకు పంచిపెట్టినవి ఈ జాతి మందులే.

సుబ్బారావు నిరాడంబరుడు. కార్యము ఇతరులచే జరిపించి పేరును వారికే వదలివేయుట ఆయనకు అలవాటు. పత్రికలవారికి దూరముగ నుండెడివాడు. వయసు మీరిన పిదప విమానము నడుపుట నేర్చెను. అదియొక్కటియే ఆయన విలాసము. అమెరికా పౌరుడగుటకు భారతీయులకు 1946లో చట్టము వీలు కల్పించినను ఆయన పౌరసత్వము తీసికొనలేదు. స్వదేశమునకు తిరిగియు రాలేదు. మూడేండ్లలో వత్తునన్న మాట ఇరువదియైదేండ్లు గడచినను నెరవేరలేదు. శేషగిరికి ఆయన ఉత్తరములు వ్రాసెడివాడు; ఆమె ఎదురుచూచుచునే యుండెను. శాస్త్రమునకు ఆయన చేసిన త్యాగమును కొనియాడువారు ఆమె చేసిన త్యాగమును కూడ ఎన్నవలెను. అది ఆమె ఎంచుకొన్నది కాదు. 1948 ఆగస్టు మాసమున ఒకరాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదిమూడేండ్లు. స్వతంత్రభారతమునకు ఒక ఏడాది నిండుటకు కొద్దిదినములే కొదువ.

ఆయన మార్గమున నడచినవారు కలరు. హార్వర్డులో ఆయన కృషిని కన్నులార చూచిన హిచింగ్సు, గెర్‌ట్రూడు ఎలియను అను శాస్త్రజ్ఞురాలితో కలసి, న్యూయార్కు సమీపమున బరోసు వెల్‌కం సంస్థలో పనిచేసెను. సుబ్బారావు ఫోలికామ్లమునకు నకిలీలు చేసినట్లే, వీరు న్యూక్లియోటైడుల మూలపదార్థములకు నకిలీలు చేసిరి. కణములోని జన్యుపదార్థమగు డి.ఎన్.ఎ. ఈ న్యూక్లియోటైడులను పూసలవలె గ్రుచ్చిన పేరు. పూసలలో నకిలీపూస చేరినచో పేరు అచటనే తెగిపోవును. ఇట్లు వారు కనుగొన్న మందులకు 1988లో నోబెలు బహుమానము లభించెను.

1983లో పారిసునగరమున పాశ్చరు సంస్థవారు ఎయిడ్సు వ్యాధికి మూలమగు వైరసును కనిపెట్టిరి. అప్పటికి సుబ్బారావు చనిపోయి ముప్పదియైదేండ్లు. తరువాత దానికి హెచ్.ఐ.వి. అని పేరు స్థిరపడెను. మనదేశమున ఆ వైరసు జాడను 1986లో మొదట పట్టినది ఏ విద్యాలయమో తెలిసినచో ఆశ్చర్యము కలుగును. సుబ్బారావునకు పూర్తిపట్టము నిరాకరించిన మద్రాసు వైద్యకళాశాలయే అది. అచటి సూక్ష్మజీవశాస్త్రాచార్యురాలు సునీతి సాలమన్ పర్యవేక్షణమున ఆ పరీక్షలు జరిగెను.

ఈ వైరసు మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రముండు కణిక. తనంత తాను పెరుగజాలదు. మన రక్తములోని రక్షకకణములలో దూరి, వానినే కర్మాగారములుగ మార్చుకొని తన సంతతిని తయారుచేయించుకొనును. అందుకు మూడు ఎంజైములను వెంట తెచ్చుకొనును. మొదటిది రివర్సు ట్రాన్‌స్క్రిప్టేజు. వైరసు జన్యువు ఆర్.ఎన్.ఎ. రూపమున నుండును, దానిని డి.ఎన్.ఎ.గ తిరుగవ్రాయుట ఈ ఎంజైము పని. ఇట్టి ఎంజైము కొన్ని వైరసులలో కలదని 1970లో టెమిను, బాల్టిమోరు అను శాస్త్రజ్ఞులు వేరువేరుగ కనుగొనిరి. రెండవదియగు ఇంటిగ్రేజు ఆ డి.ఎన్.ఎ.ను మన కణపు సొంత జన్యువులలో కుట్టివేయును. అటుపిమ్మట మన కణము, ఇంటిదొంగ వ్రాసిన చీటీని యజమాని ఆజ్ఞయనుకొను సేవకునివలె, వైరసునకు వలసిన మాంసకృత్తులను తయారుచేయసాగును. మూడవది ప్రోటియేజు, దాని సంగతి తరువాత.

మొదటి ఎంజైమును అడ్డగించిన తొలి మందు జిడోవుడిను. దీనిని 1964లోనే జెరోము హార్విట్సు అను అమెరికా రసాయనజ్ఞుడు క్యాన్సరుకొరకు తయారుచేసెను. క్యాన్సరుకు అది పనికిరాక మూలబడెను. ఇరువదియేండ్ల తరువాత, హిచింగ్సు ఎలియనులు పెంచిన ప్రయోగశాలలోని వారును, అమెరికా ప్రభుత్వపు క్యాన్సరు సంస్థవారును దానిని వెలికితీసి, హెచ్.ఐ.వి.పై పరీక్షించిరి. 1987 మార్చిలో దానికి అనుమతి లభించెను. అది పనిచేయు విధము వినదగినది. జిడోవుడిను మ్రింగినప్పుడు అది వట్టి నకిలీపూస మాత్రమే. దానికి ఇంకను పని లేదు. కణములోని ఎంజైములు ఎ.టి.పి.నుండి ఫాస్ఫేటును తీసి ఒకటి, రెండు, మూడు దానికి అతికించును. మూడు ఫాస్ఫేటుల వరుస పూర్తియైన పిదపనే అది అసలు న్యూక్లియోటైడువలె కనిపించి, వైరసు ఎంజైము చేతిలో పడును. ఎంజైము దానిని పేరులో గ్రుచ్చును. తరువాతి పూసను తగిలించుటకు కావలసిన కొక్కెము ఆ నకిలీపూసకు లేదు. పేరు అచటనే ఆగును. బోస్టనులో నీలిరంగును కొలుచుచు సుబ్బారావు బయటపెట్టిన మూడు ఫాస్ఫేటుల వరుసయే ఇచట ఆయుధమైనది. ఈ మందును ఆయన చేయలేదు, ఆ వైరసును ఆయన ఎరుగడు. ఐనను ఈ పనినంతయు నడుపు శక్తిపదార్థము ఆయన చేతులలో వేరుపడినదే.

మొదట ఆ మందు ధర ఏటికి ఎనిమిదివేల డాలరులకు పైబడియుండెను. మనదేశపు రోగులకు అది అందని మ్రానిపండు. హైదరాబాదునందలి ఇండియను ఇన్‌స్టిట్యూటు ఆఫ్ కెమికలు టెక్నాలజీకి అధిపతియగు గుంటూరువాడు అల్లా వెంకట రామారావు నేతృత్వమున, 1990వ దశకపు ఆరంభమున, దానిని చౌకగ తయారుచేయు విధానమును ఇచటి రసాయనజ్ఞులు రూపొందించిరి. సిప్లా సంస్థ ఆ విధానముతో మందును విపణికి తెచ్చెను. తరువాత హైదరాబాదు చుట్టుపట్ల వెలసిన ఔషధ కర్మాగారములు ఇట్టి మందులను ఆఫ్రికాఖండమునకు సైతము ఎగుమతి చేయసాగెను.

ఒక్క జిడోవుడినుతో వ్యాధి లొంగలేదు. రివర్సు ట్రాన్‌స్క్రిప్టేజు తొందరపాటు లేఖకునివంటిది. వ్రాసినదానిని తిరిగి సరిచూచుకొనదు. తప్పులు మెండుగ దొర్లును. ఆ తప్పులలో ఏదో యొకటి నకిలీపూసను గుర్తించి త్రోసివేయు ఎంజైమును పుట్టించును. అట్టి వైరసే బ్రదికి పెరిగి, కొన్ని మాసములలో మందును లెక్కచేయని స్థితి వచ్చును. అందుచే మరియొక ఎంజైముపై కూడ దాడి చేయవలసివచ్చెను.

ఇక ప్రోటియేజు సంగతి. వైరసు మాంసకృత్తులు విడివిడిగ తయారుకావు. పొడవైన ఒకే గొలుసుగ తయారై, కణపు అంచునకు చేరి, ఉండకట్టుకొని, మొగ్గవలె పొడుచుకొని బయటపడును. బయటపడునప్పుడు ప్రోటియేజు ఆ గొలుసును నిర్ణీతమైన చోట్ల కత్తిరించును. కత్తిరింపబడిన ముక్కలు మరల అమరి, లోపల శంకువు ఆకారపు గూడు కట్టుకొని, జన్యువును అందులో దాచుకొనును. అప్పుడే కణికకు మరియొక కణమును సోకు శక్తి కలుగును. ఈ ఎంజైములో ఒకే ఒక్క ముఖ్యస్థానమును మార్చి దానిని నిర్వీర్యము చేసినచో ఏమగునని 1988లో అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. కణికలు ఎప్పటివలెనే తయారై బయటికి వచ్చెను. కాని అందులో ఒక్కటియు సోకలేదు. కళ్ళములో తూర్పారబట్టునప్పుడు వడ్లతోపాటు తాలుగింజ కూడ కానవచ్చును. పైపొట్టు ఒకటే, ఆకారమొకటే. చేతబట్టి నలిపిన లోపల బియ్యము లేదు, నాటిన మొలక రాదు. ప్రోటియేజు లేని వైరసు అట్టి తాలు. కర్మాగారము ఆగదు, సరకు తగ్గదు, సరకునకు విలువ మాత్రముండదు.

ఈ ఎంజైము రూపమును స్ఫటికములనుండి అణువణువున చదివి, దాని గొంతులో సరిగ ఇరుకుకొను నకిలీ గొలుసులను రసాయనజ్ఞులు తయారుచేసిరి. వానిలో మొదటిదియగు సాక్వినవిరునకు 1995 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించెను. సుబ్బారావు శతజయంతి సంవత్సరమది. ఆ యేటనే భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ళను వెలువరించెను. 1996 మొదలుకొని రెండు విధముల ఎంజైములను ఒక్కసారిగ అడ్డగించు మూడు మందులను కలిపి ఇచ్చు చికిత్స ప్రారంభమయ్యెను. ఒక ఎంజైము తప్పించుకొనుటకు వలసిన మార్పు దొర్లినను, మిగిలిన మందులు ఆ వైరసును పట్టియుంచును. మంచమునకు అంటుకొనిపోయినవారు లేచి పనులకు పోసాగిరి. 2007లో ఇంటిగ్రేజునకు కూడ విరుగుడు వచ్చెను. ఈ మందులు వైరసును దేహమునుండి పూర్తిగ తుడిచివేయజాలవు. ఏలయన కణపు జన్యువులలో ఒకమారు కుట్టబడిన చీటీ అచటనే నిలిచియుండును. మానక వాడినంతకాలము అవి దానిని అణచియుంచును.

2004వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి భారత ప్రభుత్వము ఈ చికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగ ఈయ మొదలిడెను. వ్యాధి హెచ్చుగనున్న ఆరు రాష్ట్రములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆనాడు రోగుల చేతికి వచ్చిన మాత్రలలో నకిలీపూసల జాతికి చెందిన మందులు ఉండెను.